శుక్రవారం గొంతు, ఆదివారం గొంతు

ఓతాహుహు, ఆక్లాండ్
1991 ఆగస్టు 12

మామయ్యా,

నువ్వు, అత్తయ్య, పిల్లలు, పందులు అంతా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ అమ్మ మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. నీకు ఉత్తరం రాస్తున్నానని చెబితే అమ్మ తల వంచుకుని బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. తమ్ముడి ఊసెత్తితే ఆవిడంతే కదా. ఇక్కడికొచ్చి పదిహేడేళ్ళయినా అక్కాతమ్ముళ్ళు ఒకరి ఊసు ఒకరు ఎత్తకూడదన్న మన దీవుల మర్యాద ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

నా సంగతి చెబుతాను. యూరిచ్ అనే ముసలాయన గిటార్లు బాగుచేసే కొట్టులో పనిచేస్తున్నానని రాశాను గదా. రెండేళ్ళు ఊడ్చాను, తీగలు మార్చాను, టంకం వేశాను. పోయిన నెల నన్ను పికప్పులు చుట్టే బల్ల ముందు కూర్చోబెట్టాడు. పికప్పు అంటే నీకు చెప్పాలా! గిటారు తీగల కింద ఉండే ఆ చిన్న పెట్టె, అందులో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు. గిటారుకి గొంతు అదే. కుట్టుమిషను మోటారుతో చక్రం తిరుగుతుంటే వేళ్ళ మధ్య తీగ వదలాలి. ఊపిరి గట్టిగా తీస్తే తెగుతుంది. నాకు కుదురు లేదని నీకు తెలుసు. రోజుకి నాలుగుసార్లు తెగుతోంది.

వచ్చేవాళ్ళు ఎక్కువ మన దీవులవాళ్ళే. అందరిదీ ఒకటే పాట. నిన్న ఒక సమోవా ఆయన గిటారు బల్ల మీద పెట్టి ఏమన్నాడో విను. "చెల్లెమ్మా, శుక్రవారం డాన్సులో ఇది గర్జించాలి. ఆదివారం చర్చిలో ఇదే గిటారు కీర్తనకి మంచినీళ్ళంత తేటగా పలకాలి. రెండు గిటార్లు కొనగలిగితే నీ దగ్గరికెందుకొస్తాను?" తేటగా పలికే పికప్పు పెడితే శుక్రవారం పీలగా కీచుమంటుంది. గర్జించేది పెడితే ఆదివారం దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. ఎటూ తేలక ఒకటే తిప్పలు.

అప్పుడు నాకు నీ నీలం గిటారు గుర్తొస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్లప్పుడు తెఫిసి హాలు కిటికీ కింద డబ్బా తిరగేసి ఎక్కి వినేదాన్ని. ఒక్క గిటారుతోనే రెండు గొంతులూ పలికించేవాడివి. అది నీ చేతిలో ఉందా, ఆ చెక్కలో ఉందా? ఏ గిటారు చేతికొచ్చినా నా మనసంతా ఆ నీలం దాని మీదే ఉంది మామయ్యా. ఆ గొంతు ఒక్కసారి చెవిన పడితే నేను చుట్టేది సరైందో కాదో ఇట్టే తేలిపోతుంది.

నీ మేనకోడలు,
లెసీలి


తెఫిసి, వవావు
1991 సెప్టెంబరు 2

నా నెత్తినెక్కి కూర్చున్న మేనకోడలు లెసీలికి,

దేవుడు ఈ ఏడు వానలు బాగానే ఇచ్చాడు. వెనిలా పూతకొచ్చింది. పువ్వు పొద్దున విచ్చుకుంటే మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆలోగా ఒక్కో పువ్వులో ముల్లు పెట్టి పుప్పొడి అద్దాలి. రోజుకి వెయ్యి పెళ్ళిళ్ళు చేస్తున్నాను. ఒక్కరూ నాకు విందు పెట్టరు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అత్తయ్య చేత మూడోసారి చదివించాను. నీ మాట అందింది. అక్క కూతురు నోరు తెరిచి అన్నాక మామ ఇంట్లో ఏ వస్తువైనా మామది ఎలా అవుతుంది? నా పళ్ళు బాగున్నాయంటే అవీ పీకి పంపాలి గదా. మా నాన్న మా మేనత్త కొడుకుకి గుర్రాన్ని ఇచ్చి, ఆ పూట పొలానికి నడిచి వెళ్ళాడు. మళ్ళీ దాని ఊసెత్తలేదు.

మంగళవారం పడవలో నీలం గిటారు వస్తోంది. తీగలు వదులు చేశాను. రెండు చాపల్లో చుట్టి, సందుల్లో ఎండు కొబ్బరిపీచు కుక్కాను. తడవకుండా తీసుకో.

శుక్రవారాల గురించి నువ్వేమీ ఆలోచించకు. అందిందని ఒక్క ముక్క రాయి.

మీ మామయ్య,
కెలెపి


ఓతాహుహు
1991 సెప్టెంబరు 24

మామయ్యా మామయ్యా,

అందింది! చాప విప్పగానే మన ఇంటి వాసన, కొబ్బరినూనె, పొగ, కాస్త పందివాసన కూడా. కొట్టులోనే ఏడ్చేశాను. యూరిచ్ కంగారుపడి టీ పెట్టాడు.

నేయాఫు పట్నంలో రిపేరు చేసేవాడున్నా, వాణ్ణి కాదని నా చేతికి పంపావంటే నేనెంత గొప్పదాన్నైపోయానో! నువ్వు చెప్పకుండానే నీ గిటారు అవస్థ నేను కనిపెట్టానని అనుకున్నావా? నిజానికి అవస్థగానే ఉంది. మూత తీస్తే లోపల ఉప్పుగాలి రాగిని తినేసి పచ్చగా చేసింది. చుట్లు వదులై, ఆంప్లిఫయర్ పెంచితే కుక్కపిల్ల తోక తొక్కినట్టు కూస్తోంది. ట్యూబులైటు వెలిగిస్తే జుమ్మని రొద. ఇన్నాళ్ళూ దీనితో ఎలా వాయించావు?

కొత్త పికప్పు చుట్టాలి. ఏది చుట్టాలన్నదే ప్రశ్న. ఇప్పుడున్నది ఒంటి చుట్ట. తేటగా ఉంటుంది, కానీ రొద పెడుతుంది, గర్జించమంటే గొంతు చాలదు. జంట చుట్ట పెడితే రొద పోతుంది, గర్జన వస్తుంది, కానీ ఆదివారం గొంతు మొద్దుబారుతుంది. చుట్లు పెంచితే బలం పెరుగుతుంది, పై స్వరాల మెరుపు చస్తుంది. "ఎక్కువ చుట్టడం ఏ వెధవైనా చేస్తాడు. ఎక్కడ ఆపాలో తెలియాలి" అంటాడు యూరిచ్.

ఇంకో సంగతి. నీ ఆంప్లిఫయర్ ఏది? ఆకుపచ్చ గుడ్డ కప్పిన పాత వాల్వులదేనా? స్పీకరు ఒకటా రెండా? పికప్పు ఎంచడం సగం ఆంప్లిఫయర్‌ని బట్టే ఉంటుంది. అబ్బ, ఆ ఆకుపచ్చది ఇక్కడుంటే ఎంత బాగుండేదో!

వెంటనే జవాబు రాయి. నాకు కాలు నిలవడం లేదు.

లెసీలి


తెఫిసి
1991 అక్టోబరు 14

అమ్మాయీ,

వాల్వులదే. స్పీకర్లు రెండు. ఆకుపచ్చ గుడ్డ ఒక మూల ఎలుక కొరికింది, క్షమించు. రేపటి పడవలో వస్తోంది. హామాలా, నేను చెరోవైపు పట్టి రేవు దాకా మోశాం. ఇద్దరికీ నడుం పట్టేసింది. హామాలా ఎవరంటావా, మా బ్యాండులో డ్రమ్ములు కొట్టే దున్నపోతు. దారంతా సణుగుతూనే ఉన్నాడు. "నీ మేనకోడలు రేపు నా డ్రమ్ములు బాగున్నాయంటే?" అన్నాడు. "డ్రమ్ములు నీవిరా, నీకు మేనకోడళ్ళు లేరు, బతికిపోయావు" అన్నాను.

రిపేరు అని ఏదో రాశావు, నాకు అర్థం కాలేదు. ఒంటి చుట్టో జంట చుట్టో నన్నడుగుతావేమిటి? నీ గిటారు, నీ ఇష్టం. నీ చేతికి ఏది హాయిగా ఉంటే అది పెట్టుకో.

వెనిలా పని ఇంకా ఉంది. మధ్యాహ్నానికి అయిపోతుంది గానీ, ఆ తర్వాత చేతులు ఊరుకోవు. కంచె కట్టాను. కట్టిన కంచె విప్పి మళ్ళీ కట్టాను. మీ అత్తయ్య "నీకేమైనా పట్టిందా" అంటోంది.

మామయ్య


ఓతాహుహు
1991 నవంబరు 4

మామయ్యకి,

కోపంగా రాస్తున్నాను, పెద్దదాన్నయ్యాను గనక నమస్కారం పెట్టి మరీ కోప్పడుతున్నాను.

ఆంప్లిఫయర్ ఎందుకు పంపావు? స్పీకర్లెన్ని అని అడిగితే స్పీకర్లే పంపేస్తారా ఎవరైనా? రేవు నుంచి తేవడానికి యూరిచ్ వ్యాను తీయాల్సొచ్చింది. దారంతా నవ్వుతూనే ఉన్నాడు. "మీ మామయ్యని ఇంటికి తలుపులెన్ని అని అడక్కు తల్లీ" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. గిటారు పోయి రెండు నెలలు. ఆంప్లిఫయర్ కూడా ఇక్కడే ఉంది. మరి నువ్వు శుక్రవారం ఏం వాయిస్తున్నావు? ఆదివారం చర్చిలో ఎవరు వాయిస్తున్నారు? నేను ప్రాణం పెట్టి పికప్పు గురించి నాలుగు పేరాలు రాస్తే, "నీ గిటారు, నీ ఇష్టం" అని కరెంటాఫీసువాడు రాసినట్టు రాశావు. నీకు జబ్బేమైనా చేసిందా? చేతివేళ్ళు బాగున్నాయా? ఉన్నవన్నీ పంచిపెట్టేస్తున్నావా? నిజం చెప్పు. పోనీ నా మీద కోపమా? నా మీద కోపముంటే తిట్టు, ఇలా అంటీముట్టనట్టు మాట్లాడకు.

మూడు పికప్పులు చుట్టాను, మూడూ పెట్టి చూశాను. ఒంటి చుట్ట ఒకటి, ఆదివారం అద్భుతం, శుక్రవారం ఏడుపు. బాగా బలంగా చుట్టిన జంట ఒకటి, గర్జిస్తే బల్ల మీద కప్పులు కదిలాయి, కానీ కీర్తన వాయిస్తే ఏ స్వరం ఏదో తెలియలేదు, అంతా అంబలి. రెండింటికీ మధ్యది ఒకటి, ఎటూ కాకుండా పోయింది. విప్పాను, చుట్టాను. నాలుగు వేల తొమ్మిది వందల చుట్టు దగ్గర తీగ తెగింది. లెక్క మళ్ళీ మొదటి నుంచి. బస్సులో కూర్చున్నా వేళ్ళు తీగ వదులుతున్నట్టు ఆడుతున్నాయి. పక్కనున్న పెద్దావిడ లేచి వేరే సీటులోకి పోయింది.

నీ పాత పికప్పుని ఈ బిస్కట్ల డబ్బాలో పెట్టి పంపుతున్నాను. గుర్తుగా ఉంచుకుంటావని. అది ఇంక పనికిరాదు.

ఒక్కమాట చెప్పు. శుక్రవారమా, ఆదివారమా? రెండూ కుదరకపోతే నీకేది ముఖ్యం?

లెసీలి


తెఫిసి
1991 నవంబరు 21

లెసీలికి,

డబ్బా అందింది. మూత తీసి చూసి మళ్ళీ పెట్టేశాను.

నేనిచ్చినది నీకు నచ్చలేదు. పాడైన వస్తువుని మంచిదని చెప్పి ఫహు చేతిలో పెట్టాను. నువ్వు నాకు ఫహువి, అంటే అక్క బిడ్డవి, ఈ ఇంటికి పెద్దవి, నా శవం దగ్గర కూడా అందరికన్నా పైన కూర్చోవలసినదానివి. నీకివ్వవలసింది ఇంట్లోకెల్లా మంచిది. ఉప్పు తిన్న పికప్పు కాదు. దాన్ని తీసి తిప్పి పంపేదాకా నాకు తెలియలేదు, తప్పు నాదే.

పాస్టరుగారి భార్య వచ్చే వారం ఆక్లాండ్ వస్తోంది. ఆమె చేత రెండు సన్నచాపలు పంపుతున్నాను. ఒకటి మా అమ్మ అల్లింది. గిటారు లోటు వాటితో తీరదని తెలుసు.

నా వేళ్ళు బాగానే ఉన్నాయి. జబ్బేమీ లేదు.

కెలెపి


ఓతాహుహు
1991 డిసెంబరు 3

మామయ్యా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

పాస్టరుగారి భార్య చాపలు తెచ్చి గుమ్మంలో పరిచింది. అమ్మమ్మ చాప చూడగానే భయమేసింది, అలాంటి చాప ఇల్లు దాటేది చావుకో పెళ్ళికో గదా. "ఎవరు పోయారమ్మా?" అన్నాను. అమ్మ చాప అంచు తడుముతూ కూర్చుంది. అప్పుడు నీ ఉత్తరాలన్నీ తెచ్చి ఆవిడ ఒళ్ళో పోశాను. మొదటిసారి చదివింది. నా ఉత్తరాల్లో ఏం రాశానో కూడా చెప్పమంది. చెప్పాను.

"నా మనసంతా దాని మీదే ఉంది అని రాశావా?" అంది.

"రాశాను. అయితే?"

"ఇక్కడుంటే ఎంత బాగుండేదో అని రాశావా?"

"రాశానమ్మా! మాటవరసకి!"

"పిచ్చిమొద్దూ, నువ్వు ఫహువి. నువ్వు మామయ్య ఇంట్లో మాటవరసకి మాట్లాడకూడదు. నేను వాడి అక్కని. నా కడుపున పుట్టినవాళ్ళు అడిగితే వాడు కాదనడానికి లేదు. నువ్వు అడగను కూడా అక్కర్లేదు, బాగుందంటే చాలు. వాడి గిటారు నువ్వు లాక్కున్నావే!"

"మరి నువ్వు ముందే చెప్పొచ్చుగా?"

"వాడికి నువ్వేం రాస్తావో, నీకు వాడేం రాస్తాడో నేనెలా అడుగుతాను? మా ఇద్దరికీ అలాంటి మాటలు కుదరవు. నువ్వు తెలివైనదానివి, పికప్పులు చుడుతున్నావు, నీకు తెలుసనుకున్నాను" అంది.

మామయ్యా, నాకు తెలియదు. తొమ్మిదేళ్ళప్పుడు వచ్చేశాను. మామయ్య ఇంట్లో ఏ కొబ్బరికాయ తీసుకున్నా ఎవరూ తిట్టరని తెలుసు, అంతే. నన్ను ముద్దుగా చూసుకుంటారనుకున్నాను. నాకున్నది అధికారమని తెలియలేదు. నువ్వు రిపేరుకి పంపావనుకున్నాను. నువ్వేమో ఇచ్చేశావు. నేను నిన్ను ఏ గొంతు కావాలని అడిగాను, నువ్వేమో పరాయి గిటారు గురించి నోరెత్తడం మర్యాద కాదనుకున్నావు. పాత పికప్పు గుర్తుకని పంపితే తిప్పికొట్టానని చాపలు పంపావు. అమ్మమ్మ చాప పంపావు మామయ్యా.

హామాలా చెల్లెలు బట్టలుతికే కొట్టులో కనిపించి మిగతాది చెప్పింది. మూడు నెలలుగా తెఫిసి హాలు శుక్రవారం మూసి ఉంటోందట. కుర్రకారంతా ట్రక్కెక్కి నేయాఫు పోతున్నారట. చర్చిలో గిటారు కుర్చీ ఖాళీ. నువ్వు వెనక బెంచీలో తలుపు దగ్గర కూర్చుని, కీర్తన అవుతుంటే మోకాలి మీద వేళ్ళు ఆడిస్తున్నావట.

ఇవాళ్టికి నాలుగు రోజులు వరసగా కొట్టులో కూర్చుని పని ముగించాను. పికప్పు తేలింది. జంట చుట్టే. కానీ బలానికి పోలేదు. ఒక్కో చుట్ట ఐదు వేల దగ్గర ఆపేశాను. మెత్తని అయస్కాంతం పెట్టాను. అసలు కిటుకు స్విచ్చిలో ఉంది. ఇన్నాళ్ళూ ఆదివారం కోసం ఒక చుట్ట నోరు మూయించాలని చూశాను, అప్పుడు రొద తిరిగొచ్చేది. ఇప్పుడు ఏదీ నోరు మూయదు. శుక్రవారం రెండు చుట్టలూ ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి, బలం కలుస్తుంది, గర్జిస్తుంది. చిటికెనవేలితో స్విచ్చి నొక్కితే రెండూ పక్కపక్కన నడుస్తాయి, గొంతు తగ్గి తేటబడుతుంది, రొద ఉండదు. యూరిచ్ రెండూ విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఊఁ" అన్నాడు. ఆయన దగ్గర అంతకన్నా పెద్ద మాట లేదు. చర్చిలో ట్యూబులైట్లు ఎన్ని ఉన్నా ఫరవాలేదు. (పంపొద్దు!)

గిటారు, ఆంప్లిఫయర్, చాపలు, మూడూ ఒకే పెట్టెలో పెట్టి ఈ వారం పడవకి వేస్తున్నాను. క్రిస్మస్‌కి ముందే అందుతాయి. నన్ను క్షమించు.

లెసీలి


తెఫిసి
1991 డిసెంబరు 23

లెసీలీ,

పెట్టె వచ్చింది. మేకులు కూడా తీయలేదు.

నువ్వు రాసిందంతా చదివాను. నీ మీద నాకు ఏ కోపమూ లేదు, ఎప్పుడూ లేదు. తెలియక అన్నావని ఇప్పుడు తెలిసింది. కానీ తెలిసి అన్నా తెలియక అన్నా అది ఫహు నోట వచ్చిన మాట. నేను ఇచ్చేశాను. ఇచ్చినది వెనక్కి తీసుకున్న మామ అనిపించుకుంటే రేపు నా పిల్లలు ఊళ్ళో తలెత్తుకోలేరు. మా నాన్న గుర్రం వెనక్కొస్తే, గేటు తీయకుండా తిప్పి పంపాడు. అది గేటు దగ్గర రెండు రోజులు నిలబడింది. నేను చూశాను.

కాబట్టి పెట్టె నట్టింట్లో ఉంది. లోపలి గదిలోకి జరిపితే పుచ్చుకున్నట్టు, బయట పెడితే తోసేసినట్టు. మీ అత్తయ్య దాని మీద గిన్నెలు పెడుతోంది. నేను దాని చుట్టూ తిరుగుతున్నాను. పొద్దున పొలానికి పోయేటప్పుడు తిరుగుతాను, వచ్చాక తిరుగుతాను. హామాలా రోజూ వచ్చి పెట్టె మీద దరువు వేసి పోతున్నాడు. "అన్నా, ఒక్క మేకు తీద్దాం, లోపల ఊపిరాడుతుందో లేదో" అంటాడు. నిన్న వాణ్ణి చెప్పుచ్చుకుని తరిమాను. తరిమాక వాడూ నేనూ గుమ్మంలో కూర్చుని నవ్వుకున్నాం. తర్వాత నవ్వలేదు.

దాచను, నీ దగ్గర దాచేదేముంది. శుక్రవారం సాయంత్రం వస్తే నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది. హాలు ముందు నుంచి పోలేక రేవు చుట్టూ తిరిగి ఇంటికొస్తున్నాను. వచ్చే నెల పన్నెండున మన చర్చికి నూరేళ్ళు. పాస్టరుగారు గిటారు ఎవరు వాయిస్తారని అడిగితే ఆకాశం కేసి చూశాను.

అయినా తీసుకోలేను. పండగలయ్యాక తిరుగు పడవకి పెట్టె పంపిస్తాను. నన్ను ఇంకేమీ అడక్కు.

కెలెపి


ఓతాహుహు
1992 జనవరి 2

కెలెపికి ఫహు లెసీలి రాయించునది కాదు, స్వయంగా రాస్తున్నది.

పెట్టె పంపావో, ఊరుకోను. ఈ ఉత్తరం పాస్టరుగారి భార్యతో విమానంలో పంపుతున్నాను, నీకు సాకు దొరక్కుండా. అమ్మ పక్కనే కూర్చుంది. తమ్ముడి వ్యవహారం వినకూడదని చెవులు మూసుకుని, నేను తప్పు రాసినప్పుడల్లా మోచేత్తో పొడుస్తోంది.

ఒకటి, నేను నీకు ఏదీ తిరిగివ్వలేదు. నాకు మతి ఉండగా ఎందుకిస్తాను? ఆ గిటారు నాది. ఆంప్లిఫయర్ నాది. చాపలు నావి, ఎలుక కొరికిన గుడ్డ కూడా నాదే. ఓతాహుహులో మా గది గోడకి చెమ్మ. చెక్క ఉబ్బిపోతుంది. నా వస్తువులు ఎక్కడ ఉంచాలో నా ఇష్టం, నా మామయ్య ఇంట్లో ఉంచుతున్నాను. చోటు లేదంటావా? కాదనడానికి నీకు లేదట, కనుక్కున్నాను.

గిటారు వాయించకపోతే పాడవుతుంది. నా వస్తువు పాడైతే ఊరుకోను. ప్రతి శుక్రవారం హాల్లో ఒకసారి, ప్రతి ఆదివారం చర్చిలో ఒకసారి నా గిటారుని నువ్వే వాయించాలి. పన్నెండో తేదీ గురించి వేరే చెప్పక్కర్లేదు. స్విచ్చి మర్చిపోయి నూరేళ్ళ పండగలో గర్జించావంటే పాస్టరుగారికి నేను జవాబు చెప్పను.

ఇంకొకటి, ఇదే అసలుది. ఆగస్టులో నేను అడిగింది ఇంకా నాకు అందలేదు. ఆ గొంతు ఒక్కసారి చెవిన పడాలని అడిగాను. నువ్వు చెక్క పంపావు, స్పీకర్లు పంపావు, చాప పంపావు. గొంతు పంపలేదు. ఒక ఖాళీ క్యాసెట్టు దీనితో పెట్టాను. పాస్టరుగారి దగ్గర రికార్డరు ఉంది.

ఇది కోరిక కాదు, బతిమాలడం కాదు. ఫహు మాట. ఇప్పుడు లేచి మేకులు తియ్యి.

లెసీలి


తెఫిసి
1992 జనవరి 21

నా నెత్తినెక్కి దిగనంటున్న మేనకోడలికి,

మేకులు తీశాను. ఉత్తరం చదవడం అయ్యీ అవకముందే హామాలా గొడ్డలి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మీ అత్తయ్య గిన్నెలు తీసింది. ఊరు సగం కిటికీల్లో ఉంది. "ఆమె వస్తువు ఆమె నా దగ్గర దాచింది, నేను కాపలావాణ్ణి" అని అందరికీ వినబడేలా చెప్పాను. కిటికీల్లో తలలన్నీ ఊగాయి. ముసలి బామ్మ ఒకావిడ అయితే "ఆక్లాండ్ పిల్లకి బుర్ర ఉందే" అంది.

నీ పికప్పు మీద ఫిర్యాదు ఉంది. పన్నెండున కీర్తన మొదలైంది, స్విచ్చి నొక్కాను. ఇన్నేళ్ళూ ఆ జుమ్మనే రొద ఉండేది, నా తప్పులన్నీ దాని వెనక దాక్కునేవి. ఇప్పుడది లేదు. రెండో చరణంలో ఒక వేలు జారింది, చర్చి చర్చంతా విన్నది. పాస్టరుగారు నవ్వాపుకున్నారు. ఇంత తేటగా ఎవరు చెయ్యమన్నారు నిన్ను? ఇంట్లో కూర్చుని సాధన చెయ్యాల్సివస్తోంది, ఈ వయసులో.

శుక్రవారం సంగతి రాయను, వింటావుగా. ట్రక్కు నేయాఫు నుంచి తెఫిసికి వచ్చింది, అంతే చెబుతాను.

క్యాసెట్టు పంపుతున్నాను. రికార్డు చేశాక నీ ఆగస్టు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. నువ్వు రాసింది నిజమే, వినాలనే రాశావు. నేనే అది దాటి గిటారు దాకా పోయాను. ఎందుకు పోయానా అని పొలంలో ఆలోచించాను. యాభై రెండేళ్ళొచ్చాయి నాకు. అక్క బిడ్డలు, అత్త బిడ్డలు, పాస్టర్లు, పెద్దలు నన్ను పందులు అడిగారు, దుంపలు అడిగారు, చాపలు అడిగారు, అన్నీ ఇచ్చాను. నీ పాట ఒకసారి వినిపించు అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అందుకే నువ్వడిగితే అది అడగడమని నాకు తెలియలేదు.

మొదటి వైపు శుక్రవారం. రెండో వైపు ఆదివారం, చివర వినబడే ముక్కు చీదడం నాదే, పట్టించుకోకు. మీ అమ్మ పక్క గదిలో ఉన్నప్పుడు తలుపు కాస్త తీసి పెట్టు. ముందు ఏ వైపు వింటావో నీ ఇష్టం. ఈసారి నిజంగానే నీ ఇష్టం.

మీ మామయ్య,
కెలెపి